ఆవలివాడి భరిణె: ఒక చెరసాల తయారీ డైరీ

జూన్ 8, ఆదివారం

పోయిన ఏడాది మొదలుపెట్టిన మా ఆట రెండో భాగంలోకి వచ్చింది. దీనికి ఒక ప్రతినాయకుడు కావాలి. కొండ మీద కోట కట్టుకుని సైన్యాలు పంపే రాజు వద్దు. ఎక్కడో లోతున బందీగా పడి ఉండి, అక్కడి నుంచే కథంతా కదిలించేవాడు కావాలి. అతన్ని ఎలా తయారుచేస్తానో ఈ రోజు నుంచి రాసి పెట్టుకుంటాను.

ఆడేవాళ్లు నలుగురు. మా అక్క కూతురు ఏడో తరగతి. పక్క ఫ్లాటు అన్నదమ్ములు ఇద్దరు, పెద్దవాడు తొమ్మిదో తరగతి, చిన్నవాడు ఆరో తరగతి. నాలుగో మనిషి మా ఆయన. విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంటి భోజనాల బల్లే ఆట స్థలం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కంచాలు తీసి, బల్ల తుడిచి, పాచికలు పరుస్తాం. ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్, 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చింది. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని మాటలతోనే కథ ఆడతారు, కథ నడిపేది నేను, చేసిన పని ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది. మేము ఆడేది ఎబెరాన్ అనే లోకంలో. 2002లో ఆ ఆట ప్రచురణకర్తలు కొత్త లోకం కావాలని పోటీ పెడితే 11,000కు పైగా ప్రతిపాదనలు వచ్చాయి. గెలిచింది కీత్ బేకర్ ఊహించిన ఈ లోకం. 2004లో అచ్చయింది.

నేను దీన్నే పట్టుకుని వేలాడటానికి కారణం దాని పుట్టుక కథ. మొదట మూడు మహా డ్రాగన్లు: సైబెరిస్, ఎబెరాన్, ఖైబర్. ఖైబర్ సైబెరిస్‌ను చంపి ముక్కలు చేసింది. ఖైబర్‌ను చంపడం ఎబెరాన్ వల్ల కాలేదు. అందుకని తన ఒంటితోనే దాన్ని చుట్టుకుని, బిగించి, అలాగే ఉండిపోయింది. ఆ ఒళ్లే నేల అయింది. అడవులూ నదులూ ప్రాణులూ దాని మీదే పుట్టాయి. సైబెరిస్ ముక్కలు ఆకాశంలో వలయంగా నిలిచాయి. అంటే ఆ లోకంలో పుట్టినవాళ్లందరూ నడిచేది ఒక చెరసాల పైకప్పు మీద. ఈ మాట మొదటిసారి చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ లోకంలో డేల్కిర్‌లు అనే జాతి ఉంది. జోరియట్ అనే ఉన్మాద లోకం నుంచి వేల ఏళ్ల కిందట వచ్చి, గోబ్లిన్లు అనే పొట్టి జీవుల ధకాన్ సామ్రాజ్యం మీద పడ్డారు. వాళ్లకు రాజ్యం అక్కర్లేదు, బంగారం అక్కర్లేదు. చేతికందిన ప్రాణిని మట్టిముద్దలా పిసికి మరో రూపం చేయడమే వాళ్ల పని. ఇద్దరు గోబ్లిన్లను ఒకే ఒంట్లోకి నొక్కి, నాలుగు చేతులు, రెండు నోళ్లు ఉండే డోల్‌గ్రిమ్ అనే జీవిని చేశారు. పిల్లలకు ఇది చెప్పినప్పుడు చిన్నవాడు వెంటనే "కబంధుడిలాగానా ఆంటీ?" అన్నాడు. అరణ్యకాండలో కడుపులో నోరున్న ఆ మొండెం వాడికి అంత బాగా గుర్తుంది. చివరికి ద్వారపాలకులనే డ్రూయిడ్లు, అంటే ఓర్క్ అనే మొరటు జాతికి చెందిన ప్రకృతి మంత్రగాళ్లు, రెండు లోకాల మధ్య దారి తెంచి, మిగిలిన డేల్కిర్‌లను నేల అడుగున, ఆ బందీ డ్రాగన్ పేరే ఉన్న ఖైబర్ అనే పాతాళంలో బంధించి ముద్రలు వేశారు.

ప్రసిద్ధులైన డేల్కిర్‌లకు పేర్లున్నాయి, కథలున్నాయి. నా వాడిని నేనే చేసుకుంటాను. పేరింకా పెట్టలేదు.

జూన్ 11

రాత్రి పది నుంచి ఒంటిగంట దాకా బొమ్మ పని. రాగి తీగను మెలిపెట్టి అస్థిపంజరం, దాని మీద ఎంసీల్. రెండు ముద్దలూ కలిపి, రంగు సమంగా వచ్చేదాకా పిసికి, తడి వేళ్లతో అద్దాలి. గట్టిపడేలోపు చేతిలో ఉండే సమయం తక్కువ కాబట్టి ముఖానికి కొంచెం, చేతులకు కొంచెం విడివిడిగా కలిపాను. ముఖం మనిషిదే పెట్టాను, అందంగా. చేతివేళ్లు మాత్రం ఒక్కో చేతికి తొమ్మిది. ఆఖరి వేలు ముంజేతిని చుట్టుకుని మోచేతి దాకా వెళ్తుంది. గోళ్లు గుండుసూదితో గీశాను.

జూన్ 15, ఆదివారం

ఈ రోజు పొరపాటు ఎక్కడుందో తెలిసింది.

బొమ్మను బల్ల మధ్యలో పెట్టాను. పిల్లలు బాగుందన్నారు, చేతిలోకి తీసుకున్నారు, వేళ్లు లెక్కపెట్టారు. పెద్దవాడు అడిగిన మొదటి ప్రశ్న: "వీడికి హిట్ పాయింట్లు ఎన్ని ఆంటీ?" హిట్ పాయింట్లంటే ఎన్ని దెబ్బలకు చస్తాడో చెప్పే అంకె. అక్కడితో అయిపోయింది. కంటికి కనిపించేది, చేతికి అందేది, అంకెల్లో కొలవగలిగేది ఎంత వింతగా ఉన్నా కొట్టి పడేయాల్సిన వస్తువే అవుతుంది. నాలుగు రాత్రుల పని నాలుగు నిమిషాల్లో మామూలు రాక్షసుడైపోయింది.

టీ పెట్టడానికి నేను లోపలికి వెళ్లినప్పుడు అక్క కూతురు పక్కన ఉన్న స్టీలు గిన్నెను బొమ్మ మీద బోర్లించింది. ఎందుకు చేసిందో తెలియదు, అడిగితే ఊరికే అంది. నేను తిరిగొచ్చేసరికి ముగ్గురు పిల్లలూ ఆ గిన్నె వైపే చూస్తున్నారు. చిన్నవాడు గొంతు తగ్గించి, "ఇప్పుడు లోపల ఏమి చేస్తున్నాడు?" అన్నాడు.

లోపల ఏమి ఉందో వాడికి తెలుసు. అయిదు నిమిషాల కిందట వాడి చేతిలోనే ఉంది. అయినా అడిగాడు.

మా ఊరివాళ్లకు ఇది కొత్త విషయం కాకూడదు. సింహాచలంలో అప్పన్న స్వామిని మేము ఏడాదంతా చందనం కప్పుకుని ఉండగానే చూస్తాం. నిజరూపం అక్షయ తృతీయ ఒక్కనాడే. ఆ స్వామికీ నా బొమ్మకూ పోలిక లేదు, ఉండకూడదు కూడా. కాకపోతే కప్పి ఉన్నదాని ముందు నిలబడినప్పుడు మనసు ఎలా పనిచేస్తుందో చిన్నప్పుడే ఆ క్యూలో నేర్చుకున్నాను. నేర్చుకున్నది బొమ్మ చేసేటప్పుడు గుర్తు రాలేదు.

బొమ్మను అట్టపెట్టెలో పెట్టేశాను. ముందు చెయ్యాల్సింది చెరసాల.

జూన్ 19

మిగతావాళ్లు ఎలా చేశారో చూస్తూ కూర్చున్నాను. 1982లో గైగాక్స్ ఈ ఆట కోసం రాసిన ఒక సాహసకథలో థారిజ్డన్ అనే వినాశ దేవుడు ఉంటాడు, మిగతా దేవతలు బంధించినవాడు. ఆటగాళ్లకు దొరికేది మరుగున పడిన అతని గుడి. అతను వచ్చి యుద్ధం చేయడు. గోడలే మాట్లాడతాయి. పాత్‌ఫైండర్ అనే ఇలాంటి మరో ఆట లోకమైన గొలారియన్‌లో రోవగగ్ అనే మహామృగం భూగోళం నడిగర్భంలో బందీ. సూర్యదేవత సారెన్రే కొట్టిన దెబ్బకు నేల చీలిన చోటు గోర్ముజ్ గుంటగా మిగిలింది. తాళంచెవి నరకాధిపతి అస్మోడియస్ దగ్గర ఉంది. నన్ను పట్టి ఆపింది ఈ చివరి మాట. బందీ ఎంత పెద్దవాడైనా, కథ తాళంచెవి ఎవరి దగ్గర ఉందన్న దాని చుట్టూనే తిరుగుతోంది.

మనకూ ఇలాంటి కథ ఉంది. వామనుడు బలి చక్రవర్తిని సుతలానికి పంపాడని అందరికీ తెలుసు. ఆ తరువాత ఏమైందో చాలామంది చెప్పరు. భాగవతంలో విష్ణువు బలి వాకిట తానే కాపలా నిలబడతాడు. పంపినవాడు వెళ్లి ద్వారపాలకుడయ్యాడు. బలి ప్రతినాయకుడు కాడు, అది వేరే సంగతి. కానీ తలుపుకు అటువైపు ఒకరు ఉన్నంతకాలం ఇటువైపు కూడా ఒకరు ఉండాల్సిందే.

ఎబెరాన్‌లో ఈ పని ఓర్క్‌లది. వ్వరాక్ అనే నల్ల డ్రాగన్, డేల్కిర్‌లు రావడానికి వేల ఏళ్ల ముందే ఆ ముప్పును పసిగట్టి, ఓర్క్‌లకు డ్రూయిడ్ విద్య నేర్పింది. ఇంకా పుట్టని శత్రుత్వానికి ముందే కాపలాదార్లను తయారుచేసింది. వాళ్ల వారసులు షాడో మార్చెస్ అనే చిత్తడి నేలల్లో ఇప్పటికీ ముద్రలను కాస్తుంటారు. ఎవరిని కాస్తున్నారో పక్క ఊళ్లవాళ్లు మరిచిపోయి ఎంతో కాలమైంది.

నా ప్రతినాయకుడికి పేరు కూడా ఈ రోజే దొరికింది. ఆవలివాడు. గడపకు ఆవల ఉన్నవాడు.

జూన్ 28, శనివారం

ఏటికొప్పాక వెళ్లొచ్చాను. ఈ ప్రాజెక్టులో ఇంత సంతోషంగా గడిచిన రోజు మరొకటి లేదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

యలమంచిలి దాటాక అడ్డరోడ్డులో బస్సు దిగి, అక్కడి నుంచి ఆటో. వరాహ నది ఒడ్డున ఊరు. లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, విశాఖలో పెరిగినవాళ్లకు ఆ గుర్తింపు అంతకు ముందే ఉంది. మా ఇళ్లలో కుంకుమ భరిణెలు, పిల్లల బొంగరాలు అక్కడివే. నాకు కావలసింది భరిణె. పిడికిలి కన్నా కొంచెం పెద్దది, గట్టి మూతతో. దాని నడుము చుట్టూ ఒకదాని మీద ఒకటి కూర్చునే అయిదు కర్ర కంకణాలు. కంకణాలే ముద్రలు.

ఒక ఇంటి వసారాలో పెద్దాయన లేతు ముందు కూర్చుని ఉన్నారు. పక్కనే అంకుడు కర్ర ముక్కలు, ఎండబెట్టినవి, దాదాపు తెల్లగా. ఆ కర్ర మెత్తన, ఉలికి ఎదురు తిరగదు. ముక్కను బిగించి తిప్పడం మొదలుపెట్టగానే ఉలి కొస నుంచి పొట్టు సన్నటి రిబ్బన్లుగా ఆయన ఒడిలోకి రాలింది. అయిదు నిమిషాల్లో లోపలి బోలు వచ్చేసింది. ఆ తరువాత మూత. మూతకు కొలబద్ద వాడలేదు. కొంచెం చెక్కడం, లేతు ఆపడం, భరిణె నోటికి పెట్టి చూడడం, మళ్లీ వెంట్రుకవాసి చెక్కడం. ఆరోసారి పెట్టి లాగినప్పుడు టప్పుమని చిన్న చప్పుడు వచ్చింది. ఆయన తల ఊపారు.

రంగు దగ్గర కొంత చర్చ జరిగింది. నాకు ఊదా కావాలి, ఎందుకంటే ఆ లోకంలో బైష్క్ అనే అరుదైన లోహం ఊదారంగు మెరుపుతో ఉంటుంది, డేల్కిర్‌లను గాయపరిచే శక్తి దానికుంది.

"భరిణెకు ఎరుపు గానీ పసుపు గానీ అడుగుతారు. ఊదా ఎందుకమ్మా?" అన్నారు ఆయన.

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కుంకుమకు కాదండీ, పిల్లలతో ఆడే కథలో ఒకడిని బంధించడానికి అని. ఆయన నవ్వలేదు. కాసేపు ఆలోచించి, తిరుగుతున్న కర్రకు ముందు ఎరుపు లక్క కడ్డీ ఆనించారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రంతా పాకింది. దాని మీద నీలం కడ్డీని అలా తగిలించీ తగిలించనట్టు రెండుసార్లు పోనిచ్చారు. తరువాత మొగలి ఆకు మడిచి నొక్కి పట్టారు. ఆకు కింద రంగు మబ్బుగా ఉన్నది కాస్తా ఒక్కసారిగా అద్దంలా తేలింది. ఎరుపు అడుగున ఉండిపోయింది, పైకి నీలం, రెండిటి మధ్య నేను అడిగిన ఊదా. ఎండలోకి పట్టుకుంటే లోపలి నుంచి వెలుగు వస్తున్నట్టే ఉంది.

డబ్బులిచ్చి బయల్దేరుతుంటే ఆయన ఒక మాట చెప్పారు. "మూత లోపలి అంచుకు లక్క వేయలేదమ్మా, పచ్చి కర్రే. వానాకాలం బిగుస్తుంది, ఎండకు వదులవుతుంది. కర్రకు గాలి తగులుతూనే ఉంటుంది కదా. కనిపెట్టి ఉండాలి."

కనిపెట్టి ఉండాలి. బస్సులో వచ్చేటప్పుడు ఆ మాటను పుస్తకంలో రాసుకున్నాను, కాపలాదారు పాత్ర చేత చెప్పించడానికి.

జూలై 2

భరిణెలో ఒక వస్తువు పెట్టి మూత వేశాను. ఏమి పెట్టానో ఇక్కడ రాయను, పిల్లలు ఎప్పుడైనా ఈ పుస్తకం చదవవచ్చు. ఊపితే చప్పుడు వస్తుంది. కర్రకు కర్ర తగిలిన చప్పుడు కాదు, లోహం చప్పుడు కాదు. ఆ చప్పుడు కోసం తొమ్మిది వస్తువులు మార్చి చూశాను.

మూడు రోజులుగా వాన. సముద్రం వైపు కిటికీ దగ్గర భరిణె పెట్టి మరిచిపోయాను. ఈ రోజు మూత రావడం లేదు. గుడ్డతో పట్టి తిప్పినా కదల్లేదు. మొదట కంగారు పడ్డాను. ఆ తరువాత ఇంతకన్నా కావలసింది ఏముందనిపించి వదిలేశాను.

జూలై 6, ఆదివారం

మొదటి పరీక్ష. నియమం ఇది: ఆటగాడి పాచిక తప్పినప్పుడు ఆవలివాడు ఒక చీటీ పంపుతాడు. ఒప్పుకుంటే పాచిక మళ్లీ వేసుకోవచ్చు, బదులుగా భరిణె నుంచి ఒక కంకణం తీయాలి. బందీ కదలకుండానే ఆటలో చెయ్యి పెట్టడానికి ఇదే దారి అనుకున్నాను.

గంటన్నరలో అయిదు కంకణాలూ పోయాయి. తప్పు పిల్లలది కాదు. తీసేది ఒక కర్ర కంకణం, అదీ అందరిదీ. అందరిదీ అయినదాన్ని ఖర్చు పెట్టడానికి ఎవరికీ చెయ్యి వెనక్కి రాదు. పెద్దవాడు ఒక గొయ్యి దూకడానికి ఒక ముద్ర వదిలేశాడు.

జూలై 9 నుంచి 12 దాకా

అయిదు కంకణాలనూ మళ్లీ తొడిగి, నియమం మార్చాను. కంకణం ఎలాగూ పోతుంది, దానితోపాటు ఒప్పుకున్న ఆటగాడి సొంతది ఒకటి పోవాలి. ప్రాణం తగ్గించడం, కత్తి పోవడం లాంటివి పని చేయవు, అవి తిరిగి వస్తాయి. డేల్కిర్ కోరుకునేది మార్చడం. మనిషిని మార్చాలంటే జ్ఞాపకం తీస్తే చాలు. కాబట్టి ఇప్పుడు చీటీ ఒప్పుకున్నవాళ్లు తమ క్యారెక్టర్ షీటులో, అంటే పాత్ర వివరాల కాగితంలో, రాసుకున్న గతం నుంచి ఒక వాక్యాన్ని స్కెచ్ పెన్నుతో కొట్టేయాలి. అది ఆ పాత్రకు ఇక ఎప్పటికీ గుర్తు రాదు. ఏ వాక్యమో వాళ్లే ఎంచుకోవాలి. ఆవలివాడు ఎంచితే అది దొంగతనం. వాళ్లు ఎంచితేనే బేరం.

మిగిలిన రోజులన్నీ చీటీల భాషకే పట్టాయి. ఈ లోకానికి చెందనివాడు ఎలా మాట్లాడతాడు? మొదట గ్రాంథికం రాశాను. పౌరాణిక నాటకంలో రాక్షసుడిలా వచ్చింది, అలాంటి గొంతు పిల్లలకు అలవాటే. తరువాత మాటలు తలకిందులు చేసి రాశాను, అర్థం కాలేదు. చివరికి దొరికింది చాలా చిన్నది. తెలుగులో మేము వేరు, మనం వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. చాలా భాషల్లో ఈ రెండిటికీ ఒకే మాట. ఆవలివాడికి నేను అనే మాట లేదు, నువ్వు అనే మాట కూడా లేదు. మనం ఒక్కటే ఉంది. చదివిన ప్రతివాడినీ అడగకుండానే తనలో కలిపేసుకుంటాడు.

రెండోది కాలం. మన క్రియల్లో 'వెళ్తాం' అంటే రోజూ వెళ్తాం అనీ, రేపు వెళ్తాం అనీ రెండూ అవుతుంది. చీటీల్లో జరిగిపోయిన కాలం ఎక్కడా లేకుండా ఆ ఒక్క రూపమే వాడాను. వేల ఏళ్లు ఒకే చోట ఉన్నవాడికి నిన్నకూ రేపటికీ తేడా ఎందుకు ఉంటుంది?

రాసినవాటిలో నాకు నచ్చినవి మూడు:

"మనం ఈ పాచిక మళ్లీ వేస్తాం. మనం ఒకటి మరిచిపోతాం."

"మనకు నొప్పి ఉండదు. మనకు ఊరు పేరు ఉండదు."

"తలుపు అవతల మనమే నిలబడతాం. తలుపు ఇవతల మనమే నిలబడతాం."

పాత బిల్లుల వెనక వైపు రాసి, ఎనిమిది మడతలు పెట్టి, బియ్యం డబ్బాలో దాచాను. మూడోది రాసిన తరువాత వంటింట్లో లైటు ఆర్పడానికి ఒక్క క్షణం ఆగాను.

జూలై 13, ఆదివారం

పనిచేసింది.

నదిలో కొట్టుకుపోతున్న మా ఆయన పాత్రను పట్టుకోవడానికి చిన్నవాడు పాచిక వేశాడు. ఇరవై ముఖాల పాచిక మీద మూడు పడింది. చీటీ అందించాను. వాడు మడతలు విప్పి పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. తరువాత తన షీటు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. గతం కింద వాడు నాలుగే వాక్యాలు రాసుకున్నాడు. మా నాన్న పడవలు చేస్తాడు. మా అమ్మ పాట పాడితే చేపలు వస్తాయి. నాకు చీకటంటే భయం. నాకు ఒక కుక్క ఉండేది.

పెన్ను మూడో వాక్యం మీదకు వెళ్లింది. భయం పోతే మంచిదే కదా అనుకున్నట్టున్నాడు. అక్కడ ఆగి, "చీకటంటే భయం మరిచిపోతే చీకట్లోకి వెళ్లిపోతాడేమో" అని తనలో తానే అనుకుని వెనక్కి తీశాడు. చివరికి రెండో వాక్యం కొట్టేశాడు. పాచిక మళ్లీ వేస్తే పదిహేడు పడింది. మా ఆయన పాత్ర బతికింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాసేపటికి అన్న, "మీ అమ్మ పాట పాడితే ఏమవుతుంది?" అని అడిగాడు. చిన్నవాడు పాత్రలోనే ఉండి, "మా అమ్మ పాడుతుందా?" అన్నాడు.

ఆట అయ్యాక పెద్దవాడు భరిణెను తీసుకుని మూత లాగాడు. బలంగా లాగాడు. వానకు బిగిసిన మూత కదల్లేదు. భరిణెను చాలా నెమ్మదిగా బల్ల మీద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. హిట్ పాయింట్ల మాట ఈ రోజు ఎవరూ ఎత్తలేదు.

జూలై 20, ఆదివారం

ఆట లేదు, ఒకరికి పరీక్షలు. స్థలం నిర్మించాను. థర్మాకోల్ పలకను కోసి చిత్తడి నేల, ఫెవికాల్‌లో కాఫీ పొడి కలిపి బురద, టెంకాయ పీచుతో రెల్లు. బొర్రా గుహల్లో ఒకసారి ఫోనులో పట్టుకున్న నీటిబొట్ల చప్పుడు నా దగ్గర ఉంది. సున్నపురాయి నుంచి చుక్క పడడానికీ మరో చుక్క పడడానికీ మధ్య ఖాళీ ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఖైబర్‌కు ఆ చప్పుడే.

ముద్ర ఎలా ఉండాలి? రాతి వలయాలు, మంత్రాక్షరాలు గీసి కొట్టేశాను. గడప పెట్టాను. చిత్తడిలో ఒక గుడిసె, దానికి బైష్క్‌తో చేసిన గడప. గుడిసెకు వెనక గోడ లేదు, గడప దాటితే నేరుగా కిందికే. మన ఇళ్లలో గడప మీద కూర్చోనివ్వరు, తుమ్మినా నిలబడినా పెద్దవాళ్లు కేకలేస్తారు, శుక్రవారం పసుపు రాసి బొట్లు పెడతారు. గడప అంటే ఏమిటో నేను ఈ పిల్లలకు వివరించనక్కర్లేదు.

కాపలాదారు ఒక ముసలి ఓర్క్. బాటసారులకు అన్నం వండి పెట్టి, వాళ్లు ఏ ఊరివాళ్లో అడుగుతుంది. ఆమెను పిల్లలు చూసిన వెంటనే పేదరాశి పెద్దమ్మ అంటారని నాకు తెలుసు, అందుకే అలా రాశాను. మన కథల్లో పెద్దమ్మ ఇల్లు ఎప్పుడూ దారి మలుపులోనే ఉంటుంది. ఆమె అక్కడి నుంచి ఎందుకు కదలదో చిన్నప్పుడు నేను ఎవరినీ అడగలేదు. ఈ పెద్దమ్మకు ఒక కారణం ఇచ్చాను.

జూలై 27, ఆదివారం

ఉదయం నుంచీ వాన. కరెంటు రెండుసార్లు పోయింది, రెండోసారి కొవ్వొత్తి పెట్టుకుని ఆడాం.

గుడిసె చేరేసరికి రెండు కంకణాలు మిగిలాయి. పెద్దవాడు రెండు వాక్యాలు కొట్టేశాడు, చిన్నవాడు ఒకటి. పెద్దమ్మ అన్నం పెట్టింది. అందరినీ పేరుపేరునా పలకరించింది. ఎవరెవరు ఏమేమి మరిచిపోయారో వాళ్ల ముఖం చూసే చెప్పింది. రాత్రి తన చాప గడపకు అడ్డంగా వేసుకుని పడుకుంది. తెల్లవారేసరికి లేవలేదు. వయసైపోయింది, అంతే. ఆవలివాడు ఏమీ చేయలేదు. ఆమె దిండు కింద ఏటికొప్పాక పెద్దాయన మాట రాసిన చీటీ: కనిపెట్టి ఉండాలి.

నేను ఫోనులో నీటిబొట్ల చప్పుడు పెట్టి, బల్ల మధ్యకు భరిణెను జరిపి, ఒక కంకణం తీశాను. ఇక ఒక్కటే.

పెద్దవాడు కిందికి దిగి చంపేద్దాం అన్నాడు. వాళ్ల దగ్గర ఉన్నది ఒక బైష్క్ కత్తి. మా ఆయన, ఊళ్లోకి వెళ్లి ఎవరినైనా కాపలాకు ఒప్పిద్దాం అన్నారు. ఊరు రెండు రోజుల దారి. చిన్నవాడు గడపను పెకలించి మనతో తీసుకెళ్దాం అన్నాడు, మంచి ఆలోచనే, నేను దానికి సిద్ధంగా లేను, కానీ పాచిక వేయకముందే వాడే వద్దనుకున్నాడు. వాదన ఇరవై నిమిషాలు సాగింది. నేను నోరు మెదపలేదు.

అక్క కూతురు అప్పటిదాకా ఏమీ అనలేదు. ఆటంతటిలో ఆమెకు నాలుగు చీటీలు ఇచ్చాను, ఒక్కటీ ఒప్పుకోలేదు. దెబ్బలు తిన్నది, కుంటుతూ నడిచింది, ఒకసారి అందరి చేతా మాట కూడా పడింది. ఇప్పుడు తన షీటును కొవ్వొత్తి దగ్గరకు జరిపి మొదటి నుంచి చివరిదాకా చదువుకుంది.

"నేను ఉంటాను పిన్నీ. నాకు అన్నీ గుర్తున్నాయి కదా" అంది.

అంటే ఆమె పాత్ర కథలోంచి వెళ్లిపోతుంది. పద్నాలుగు నెలలుగా ఆడుతున్న పాత్ర. అది తెలుసా అని అడిగాను, తలూపింది. పెన్సిలుతో రాయబోయి, ఆపి, పెన్ను తీసుకుని షీటు అడుగున రాసింది: "ఉండేది గడప దగ్గర." తరువాత నేను తీసిన నాలుగు కంకణాలనూ ఒక్కొక్కటిగా భరిణె నడుముకు తొడిగింది. అలా చేయవచ్చని నియమాల్లో లేదు. నేను ఆపలేదు. అన్నదమ్ములిద్దరూ ఆమె చేతులనే చూస్తూ కూర్చున్నారు.

ఆగస్టు 3, ఆదివారం

అక్క కూతురు కొత్త పాత్ర చేసుకుంది, ఊరూరా తిరిగి గిన్నెలకు మాట్లు వేసే గ్నోమ్ అనే మరుగుజ్జు. చురుకైన పాత్ర. వెళ్లేటప్పుడు భరిణె తాను తీసుకెళ్లనా అని అడిగింది. కాపలా తనదే కాబట్టి ఇచ్చాను. పాత గుడ్డలో చుట్టి స్కూలు సంచిలో పుస్తకాల మధ్య పెట్టుకుంది. మొదటి ఎంసీల్ బొమ్మ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు.

ఆగస్టు 6

రాత్రి తొమ్మిదిన్నరకు అక్క ఫోను నుంచి అక్క కూతురి గొంతు.

"పిన్నీ, మా గదిలో ఏసీ వేశారు. మూత వదులైంది."

"తెరిచావా?"

"లేదు. తెలిసింది అంతే. పట్టుకుంటే కొంచెం కదిలింది." కాసేపు ఏమీ అనలేదు. "వంటింట్లో పెట్టాను, అక్కడ ఏసీ లేదు, చెమ్మగా ఉంటుంది. దారం కూడా కట్టాను. పొద్దున్న మళ్లీ చూస్తాను."